పాత కారుకు ఏ కొలత? వాహన ఉద్గారాల నిబంధనలు, పాత వాహనాల యజమానులు



పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్ళే జాతీయ రహదారి మీద కిరుమాంబాక్కం అనే ఊరు ఉంది. ఒక వైద్య కళాశాల, ఒక ఇంజనీరింగ్ కళాశాల ఉన్న ఊరు. ఇంకొంచెం దక్షిణానికి పోతే తమిళనాడు సరిహద్దు వస్తుంది. బస్సులు, అంబులెన్సులు, కళాశాల వాహనాలు, స్కూటర్లు, కార్లు అన్నీ ఈ దారినే పోతాయి. నిరుడు కొన్న కారు, ఇరవై ఏళ్ళ నాటి కారు ఇక్కడ పక్కపక్కనే నడుస్తాయి. వాటి పొగను ముందుగా పీల్చేది రోడ్డు పక్కన బస్సు కోసం నిలబడిన వాళ్ళు.

పాత కారు ఉన్నవాళ్ళంతా పర్యావరణం పట్టనివాళ్ళు కారు. కొత్తది కొనే స్తోమత లేక, ఉన్నదాన్ని బాగు చేయించుకుంటూ నడుపుకొనే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పెద్దవాళ్ళను ఆస్పత్రికి తీసుకువెళ్ళడానికి ఆ బండే వారికి ఆధారం. మరి చట్టం ఎవరి పక్షం వహించాలి? పొగ పీల్చేవారి పక్షమా, బండి మీద ఆధారపడినవారి పక్షమా?

మన దేశంలో పాత బండి యజమానిని నిబంధనలు రెండు ప్రశ్నలు అడుగుతాయి. మొదటిది: నీ బండి వయసు ఎంత? రెండవది: నీ బండి ఎంత పొగ వదులుతోంది? ఈ రెండూ ఒకటే ప్రశ్న కాదు. వీటి మధ్య తేడాను తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

పొగలో ఏముంది?

పెట్రోలు, డీజిలు రెండూ హైడ్రోకార్బన్లు. అవి పూర్తిగా మండితే కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి వస్తాయి. ఇంజనులో దహనం ఎప్పుడూ అంత సంపూర్ణంగా జరగదు. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. మండకుండా మిగిలిన ఇంధనం హైడ్రోకార్బన్ల రూపంలో బయటకు పోతుంది. అధిక ఉష్ణోగ్రత వద్ద గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు అవుతాయి. డీజిలు ఇంజన్ల నుంచి వీటికి తోడు సన్నని మసి రేణువులు వస్తాయి.

కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌తో ఇది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా బంధం ఏర్పరచుకుంటుంది. సన్నని రేణువులు ఊపిరితిత్తుల లోతుల దాకా పోతాయి. హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో చర్య జరిపి నేలకు దగ్గరగా ఓజోన్ వాయువును పుట్టిస్తాయి. పై వాతావరణంలో మనల్ని కాపాడే ఓజోన్ నేల దగ్గర ఉంటే శ్వాసకు హాని చేస్తుంది.

ఈ విషవాయువులను తగ్గించడానికి వచ్చిన పరికరమే కెటలిటిక్ కన్వర్టర్. అందులో ప్లాటినమ్, పెల్లేడియమ్, రోడియమ్ లోహాలు ఉత్ప్రేరకాలుగా పనిచేస్తాయి. కార్బన్ మోనాక్సైడును కార్బన్ డయాక్సైడుగా, నైట్రోజన్ ఆక్సైడ్లను తిరిగి నైట్రోజన్‌గా మారుస్తాయి. అయితే దీనికి రెండు షరతులున్నాయి. పెట్రోలులో సీసం ఉండకూడదు, ఎందుకంటే సీసం ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తుంది. గాలి, పెట్రోలు బరువులో సుమారు 14.7కు 1 నిష్పత్తిలో కలవాలి. పాత కార్బురేటర్ ఇంత కచ్చితంగా కలపలేదు. ఆక్సిజన్ సెన్సర్ సాయంతో పనిచేసే ఫ్యూయల్ ఇంజెక్షన్ కలపగలదు. కొత్త కారుకూ పాత కారుకూ మధ్య అసలు తేడా ఇక్కడే మొదలవుతుంది.

పుట్టుకతో వచ్చే ప్రమాణం

కారు కర్మాగారం నుంచి బయటకు వచ్చేటప్పుడు కిలోమీటరుకు ఎన్ని గ్రాముల కాలుష్యం వదలవచ్చో చెప్పే ప్రమాణం ఒకటి ఉంటుంది. మన దేశంలో పెట్రోలు వాహనాలకు 1991లో, డీజిలు వాహనాలకు 1992లో ఇలాంటి పరిమితులు మొదలయ్యాయి. 2000 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా 'ఇండియా 2000' ప్రమాణం వచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మకానికి వచ్చింది. భారత్ స్టేజ్-2 2005లో, స్టేజ్-3 2010లో, స్టేజ్-4 2017లో దేశమంతటికీ వర్తించాయి. స్టేజ్-5ను వదిలిపెట్టి 2020 ఏప్రిల్ 1 నుంచి నేరుగా స్టేజ్-6కు వెళ్ళాం. పెద్ద నగరాలకు ఈ ప్రమాణాలు కొన్నేళ్ళు ముందుగానే వచ్చాయి.

డీజిలు కారు కిలోమీటరుకు వదలవచ్చిన రేణువుల పరిమితి ఎలా తగ్గుతూ వచ్చిందో చూడండి:

ఇండియా 2000 – 0.14 గ్రాములు
స్టేజ్-2 – 0.08 గ్రాములు
స్టేజ్-3 – 0.05 గ్రాములు
స్టేజ్-4 – 0.025 గ్రాములు
స్టేజ్-6 – 0.0045 గ్రాములు

మొదటి సంఖ్యను చివరి సంఖ్యతో భాగిస్తే సుమారు 31 వస్తుంది. అంటే 'ఇండియా 2000' నాటి ఒక డీజిలు కారుకు చట్టం అనుమతించిన మసిని నేటి 31 కార్లకు పంచి ఇస్తున్నారన్న మాట. పాత వాహనాల గురించి ఇంత చర్చ ఎందుకు జరుగుతోందో ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది.

ఇంధనం కూడా మారింది. డీజిలులో గంధకం స్టేజ్-3 నాడు పది లక్షల భాగాలకు 350 భాగాల దాకా ఉండేది. స్టేజ్-4లో అది 50కి, స్టేజ్-6లో 10కి దిగింది. బంకులో ఒకే ఇంధనం దొరుకుతుంది కనుక ఈ మేలు పాత బండికీ అందుతుంది. ఇథనాల్ సంగతి వేరు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వాడితే, దానికోసం రూపొందించని కార్లకు మైలేజి 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. పాత కారులోని రబ్బరు గొట్టాలు, సీళ్ళు ఎలా ఉన్నాయో యజమాని చూపించుకోవలసి ఉంటుంది.

కొత్త ప్రమాణం వచ్చినప్పుడు అంతకుముందే రోడ్డు మీదకు వచ్చిన బండిని అది వెంటనే నిషేధించదు. నిషేధించేది కొత్త అమ్మకాలను, కొత్త రిజిస్ట్రేషన్లను. 2010లో హైదరాబాద్‌తో సహా 13 నగరాలకు స్టేజ్-4 వచ్చినప్పుడు మారుతి 800 కారును ఆ నగరాల్లో అమ్మడం మానేశారు. అప్పటికే ఆ కారు ఉన్నవాళ్ళు మాత్రం నడుపుకొంటూనే ఉన్నారు. స్టేజ్-3 వాహనాల అమ్మకాన్ని 2017 ఏప్రిల్ 1 నుంచి సుప్రీంకోర్టు ఆపినప్పుడు కూడా నష్టం తయారీదారులకు, డీలర్లకు కలిగింది. పాత యజమానికి కాదు.

ఏ తరం బండికి ఆ తరం కొలత

పాత యజమానికి నిత్యం ఎదురయ్యేది 'పి.యు.సి.' ధ్రువపత్రం. అంటే కాలుష్యం అదుపులో ఉన్నదని తెలిపే పత్రం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 115వ నియమం ప్రకారం, రిజిస్టరైన ఏడాది తరవాత ప్రతి వాహనానికీ ఇది ఉండాలి. పాత వాహనాలకు ఆరు నెలలు, స్టేజ్-4, స్టేజ్-6 వాహనాలకు ఒక ఏడాది ఇది చెల్లుతుంది. 2019 సవరణ తరవాత కాలుష్య ప్రమాణాల ఉల్లంఘనకు గరిష్ఠంగా 10,000 రూపాయల జరిమానా, మూడు నెలల జైలు శిక్ష దాకా అవకాశం ఉంది.

పరీక్ష ఇలా జరుగుతుంది. ఇంజను వేడెక్కాక, బండి నిలిచి ఉండగా, పొగగొట్టంలోకి సుమారు 30 సెంటీమీటర్లు లోపలికి ఒక నాళాన్ని పంపుతారు. యంత్రం ఆ వాయువు గుండా పరారుణ కిరణాలను పంపుతుంది. కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్లు వేర్వేరు తరంగదైర్ఘ్యాలను పీల్చుకుంటాయి. ఎంత పీల్చుకున్నాయో చూసి ఏది ఎంత ఉందో లెక్కగడతారు. డీజిలు బండికైతే యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా తొక్కి, పొగ కాంతిని ఎంత అడ్డుకుంటోందో కొలుస్తారు.

పెట్రోలు కార్లకు ఈ పరీక్షలో పరిమితులు ఇవి. స్టేజ్-2కు ముందువాటికి కార్బన్ మోనాక్సైడు 3 శాతం, హైడ్రోకార్బన్లు 1,500 పి.పి.ఎం. స్టేజ్-2, స్టేజ్-3 కార్లకు 0.5 శాతం, 750 పి.పి.ఎం. స్టేజ్-4 నుంచి 0.3 శాతం, 200 పి.పి.ఎం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కిరుమాంబాక్కంలో ఒకే వీధిలో రెండు పెట్రోలు కార్లు ఉన్నాయనుకోండి. ఒకటి 2004లో 'ఇండియా 2000' ప్రమాణంతో వచ్చింది. రెండవది 2006లో స్టేజ్-2 ప్రమాణంతో వచ్చింది. రెండూ పరీక్షలో 2 శాతం కార్బన్ మోనాక్సైడు చూపాయి. మొదటిది నెగ్గుతుంది, రెండవది తప్పుతుంది! పొగ ఒకటే, ఫలితం వేరు. ఎందుకని? ఏ బండి ఏ పరిజ్ఞానంతో తయారైందో ఆ పరిజ్ఞానానికి తగినట్లు పనిచేస్తున్నదా అని మాత్రమే పి.యు.సి. అడుగుతుంది. 2004 నాటి కారును 2020 నాటి కారులా ఉండమని అడగదు. పాత యజమానికి ఇది న్యాయమే. కానీ గాలికి ఈ తేడాతో సంబంధం లేదు కదా!

పదిహేనేళ్ళు నిండాక

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళ పాటు చెల్లుతుంది. తరవాత బండిని తనిఖీకి చూపించి ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. మన ఉదాహరణలోని మొదటి కారు 2004 జూన్‌లో రిజిస్టరైందనుకుందాం. దాని గడువు 2019 జూన్‌లో ముగిసింది. అప్పుడు పునరుద్ధరణకు కేంద్రం నిర్ణయించిన ఫీజు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి అది 5,000 అయింది. కనుక 2024లో యజమాని 5,000 కట్టాడు. 2025 ఆగస్టులో చేసిన సవరణ ప్రకారం, 20 ఏళ్ళు దాటిన కారుకు ఈ ఫీజు 10,000 రూపాయలు. ఈ రేటే కొనసాగితే 2029లో అతడు కట్టవలసింది అంత. గడువు దాటితే నెలకు 500 రూపాయల అదనపు రుసుము కూడా ఉంది.

దీనికి తోడు కొన్ని రాష్ట్రాలు పాత వాహనాల మీద 'హరిత పన్ను' వేస్తాయి. తమిళనాడులోను, ఆంధ్రప్రదేశ్‌లోను ఇలాంటి పన్ను ఉంది. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఈ ఫీజులు, పన్నులు వయసును బట్టి పెరుగుతున్నాయి. బాగా చూసుకున్న కారుకూ, నల్లటి పొగ కక్కే కారుకూ ఫీజు ఒకటే.

సరిహద్దు దాటితే

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం ఒకేచోట లేదు. కారైకాల్ తమిళనాడు మధ్యలో, మాహే కేరళ పక్కన, మన తెలుగువారి యానాం కాకినాడకు చేరువలో ఉన్నాయి. యానాంలో రిజిస్టరైన బండి నంబరు 'పి.వై. 04'తో మొదలవుతుంది. యానాంలో కొన్న పాత కారును కాకినాడలో 12 నెలలకు మించి ఉంచి నడిపితే, మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఆంధ్రప్రదేశ్ నంబరు తీసుకోవాలి. అందుకు యానాం అధికారి నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. పాత కారు చౌకగా వచ్చిందని కొనేముందు పన్ను, పునరుద్ధరణ ఫీజు, మిగిలిన గడువు మూడూ లెక్క వేసుకోవాలి.

వయసే కొలత అయితే: ఢిల్లీ అనుభవం

ఢిల్లీలో గాలి మరీ విషమించడంతో అక్కడ వేరే దారి పట్టారు. 15 ఏళ్ళు దాటిన వాహనాలు తిరగరాదని 2014లోను, 10 ఏళ్ళు దాటిన డీజిలు వాహనాలు తిరగరాదని 2015లోను జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దీన్ని బలపరచింది. ఇక్కడ పొగను కొలిచే పని లేదు. పుట్టిన తేదీ చాలు.

దీనివల్ల మూడు పరిణామాలు కలిగాయి. ఒకటి, తక్కువ తిరిగి చక్కగా ఉన్న కార్లు కూడా తమ విలువను కోల్పోయాయి. రెండు, నిరభ్యంతర పత్రాలతో చాలా కార్లు ఇతర రాష్ట్రాల పాత కార్ల బజారుకు చేరాయి. ఢిల్లీ పొగ కొంత తగ్గింది, ఆ పొగే మరో ఊరికి చేరింది. మూడు, అమలు కష్టమైంది. గడువు తీరిన వాహనాలకు 2025 జూలై 1 నుంచి బంకుల్లో ఇంధనం పోయరాదన్న ఆదేశాన్ని, ప్రజల అభ్యంతరాల వల్ల, కొద్ది రోజుల్లోనే వాయిదా వేయవలసి వచ్చింది.

2025 ఆగస్టు 12న సుప్రీంకోర్టు, వయసు ఒక్కటే కారణంగా యజమానులపై బలవంతపు చర్యలు తీసుకోవద్దని చెప్పింది. డిసెంబరు 17న దాన్ని సవరించి, ఈ రక్షణ స్టేజ్-4, ఆపై వాహనాలకే పరిమితమని, స్టేజ్-3, అంతకు ముందువాటిపై చర్య తీసుకోవచ్చని తెలిపింది. ఈ మార్పులోని సారాన్ని గ్రహించండి. 'ఎన్నేళ్ళు?' అన్న ప్రశ్న నుంచి 'ఏ ప్రమాణం?' అన్న ప్రశ్న వైపు న్యాయస్థానం కదిలింది.

లండన్ నగరం 2019లో మొదలుపెట్టిన అత్యల్ప ఉద్గారాల మండలం కూడా ఈ పద్ధతిదే. పెట్రోలు కారు యూరో-4, డీజిలు కారు యూరో-6 ప్రమాణానికి తగ్గితే నడిపిన రోజుకు 12.50 పౌండ్లు కట్టాలి. 2023లో దీన్ని నగరమంతటా విస్తరించినప్పుడు, పాత కారును తుక్కుకు ఇచ్చిన లండన్ వాసులకు 2,000 పౌండ్ల దాకా సాయం అందించారు. ఒక చేత్తో రుసుము, ఇంకో చేత్తో సాయం అన్నమాట.

వయసా, పొగా?

వయసును కొలవడం తేలిక. కాగితం చూస్తే చాలు, మోసానికి తావు తక్కువ. పొగను కొలవడం న్యాయం. కానీ కొలత నిజాయతీగా జరిగితేనే అది న్యాయం అవుతుంది. ఢిల్లీలోని పి.యు.సి. కేంద్రాల గురించి 2025లో శాసనసభ ముందుంచిన కాగ్ నివేదిక, ఒకే కేంద్రంలో ఒకే సమయంలో ఒకటి కన్నా ఎక్కువ వాహనాలకు పరీక్ష జరిగినట్లు నమోదైన సందర్భాలను ఎత్తిచూపింది. పరీక్షకు ముందు ఇంధనం పాలు తగ్గించి, పత్రం రాగానే మళ్ళీ పెంచుకునే అలవాటు కూడా ఉంది. పైగా ఈ పరీక్షలో నైట్రోజన్ ఆక్సైడ్లను గాని, అతి సన్నని రేణువులను గాని నేరుగా కొలవరు. బండి నిలిచి ఉన్నప్పుడు చూపే అంకెలు, బరువుతో రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు వచ్చే అంకెలు ఒకటి కావు.

మరొక కొలత కూడా ఉంది. అది ప్రయాణించిన దూరం. 'ఇండియా 2000' పెట్రోలు కారుకు కార్బన్ మోనాక్సైడు పరిమితి కిలోమీటరుకు 2.72 గ్రాములు. ఏడాదికి 2,000 కిలోమీటర్లు తిరిగితే 5.44 కిలోలు. స్టేజ్-6 కారుకు పరిమితి 1 గ్రాము. అది 20,000 కిలోమీటర్లు తిరిగితే 20 కిలోలు. ఇవి కొత్తగా ఉన్నప్పటి పరిమితులు. అరిగిన ఇంజను, పాడైన కన్వర్టర్ ఉన్న పాత కారు ఇంతకు ఎన్నో రెట్లు వదలవచ్చు. అయినా, వారానికొకసారి ఆస్పత్రికి పోయే పాత కారునూ రోజంతా తిరిగే పాత టాక్సీనీ ఒకే గాటకట్టడం సరికాదని ఈ లెక్క చెబుతుంది.

కాబట్టి పొగనే కొలతగా తీసుకోవాలి. అయితే ఆ కొలతను నమ్మదగినదిగా చేయాలి. అది చేయలేకపోతే ప్రభుత్వాలు వయసు అనే మొరటు కొలతకే తిరిగి వస్తాయి. దొంగ పి.యు.సి. పత్రం పుచ్చుకున్న ప్రతి యజమానీ, నిజాయతీగా బండిని చూసుకుంటున్న మరో పాత కారు యజమానికి అన్యాయం చేస్తున్నాడు.

యజమాని ముందున్న దారులు

మొదటిది మరమ్మతు. పరీక్షలో తప్పిన చాలా కార్లకు కారణాలు చిన్నవి: దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టరు, అరిగిన స్పార్క్ ప్లగ్గులు, సరిచేయని కార్బురేటర్, పనిచేయని ఆక్సిజన్ సెన్సర్. ఇవి బాగుచేస్తే పొగతో పాటు పెట్రోలు ఖర్చు కూడా తగ్గుతుంది. కన్వర్టర్ పాడైతే ఖర్చు ఎక్కువ.

రెండవది తుక్కుకు ఇవ్వడం. 2021లో వచ్చిన స్క్రాపేజి విధానం ప్రకారం, ఫిట్‌నెస్ పరీక్షలో తప్పిన వాహనాన్ని గుర్తింపు పొందిన కేంద్రానికి అప్పగిస్తే ధ్రువపత్రం ఇస్తారు. దాన్ని చూపితే కొత్త సొంత వాహనంపై రాష్ట్రాలు మోటారు వాహన పన్నులో 25 శాతం దాకా తగ్గింపు ఇవ్వవచ్చు. సొంత వాహనాలకు ఇది నిర్బంధం కాదు. ప్రభుత్వ వాహనాల విషయంలో మాత్రం, 15 ఏళ్ళు దాటితే 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించడం లేదు. వీధిలోని తుక్కు వ్యాపారికి అమ్మితే ఈ ధ్రువపత్రం రాదు. పైగా నంబరు రద్దు కాక, ఆ బండి పేరిట వచ్చే చిక్కులు పాత యజమాని మెడకే చుట్టుకుంటాయి.

మూడవది అరుదైన దారి. 50 ఏళ్ళు దాటి, తొలి రూపంలోనే ఉన్న కార్లను 2021 నియమాల ప్రకారం 'వింటేజ్' వాహనాలుగా నమోదు చేయించవచ్చు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీ ప్రయాణాలకు వాటిని వాడరాదు.

సారాంశం

కొత్త ప్రమాణాలు కొత్త బండ్ల కోసం. పి.యు.సి. ప్రతి బండినీ దాని తరం ప్రమాణంతో కొలుస్తుంది. పునరుద్ధరణ ఫీజులు వయసును బట్టి పెరుగుతాయి. కిరుమాంబాక్కంలో పాత కారును వయసు ఒక్కదాని వల్ల రోడ్డు మీది నుంచి తీసివేయరు. తనిఖీలో, పి.యు.సి.లో అది నెగ్గాలి. ఈ వెసులుబాటు నిలవాలంటే ఆ పరీక్షల మీద పొగ పీల్చే వారికి కూడా నమ్మకం ఉండాలి.

మీరు చేయవలసిన పని

1. మీ ఇంట్లో ఉన్న వాహనం రిజిస్ట్రేషన్ పత్రం చూసి, అది ఏ ప్రమాణం కిందకు వస్తుందో కనుక్కోండి.
2. దాని పి.యు.సి. పత్రంలోని అంకెలను ఈ పాఠంలోని పరిమితులతో పోల్చండి. పరిమితికి ఎంత దగ్గరగా ఉంది?
3. పునరుద్ధరణ ఫీజును వయసు బట్టి కాక, పరీక్షలో వచ్చిన అంకెలను బట్టి నిర్ణయిస్తే ఎవరికి లాభం, ఎవరికి నష్టం? మీ తరగతిలో చర్చించండి.